కొర్రమీను వంచని తల

ఒకప్పుడు చేపలకు ఒంట్లో ఎముకన్నదే లేదు. సన్నటి మెడ మీద తల బీరకాయలా వేలాడేది. ఎటు కావాలంటే అటు తిరిగేది, ముఖ్యంగా పక్కవాళ్ళ ఇంటివైపు.

అవి ఉండే ఏట్లో మొసలి దొర ఒక ఆచారం పెట్టాడు. తాను వస్తున్నాడంటే చేపలన్నీ తలలు వంచి బురదకేసి చూడాలి. దొర వెళ్ళాక తలలెత్తితే ఎవరో ఒకరు తగ్గేవారు. ఎలా తగ్గారో ఎవరికీ తెలియదు. చూస్తే కదా తెలియడానికి! అంత మర్యాదస్తులు మరి.

కొర్రమీను పిల్లల తల్లి. పొద్దున ఎర్రటి మబ్బులా తన చుట్టూ తిరిగిన పిల్లలు, దొర ఒకసారి వచ్చి వెళ్ళేసరికి సగమయ్యాయి.

"ఈసారి నేను తల వంచను," అంది.

"ఊరుకో వదినా! పెద్దలు పెట్టిన పద్ధతి," అంది పక్కనున్న జెల్ల చేప. "మా ఆయన పోయినరోజు కూడా నేను వంచలేదూ?"

"వంచావు. అందుకే పోయాడు."

అనడం వరకు బాగానే ఉంది. మెత్తటి మెడ మాట వింటేగా! మొసలి నీడ పడితే చాలు, దానంతటదే వంగిపోయేది. కొర్రమీను తిన్నగా తాబేలు తాత దగ్గరికి వెళ్ళింది. డిప్ప కట్టుకోగా మిగిలిన ఎముక ముక్కలు ఆయన దగ్గర గుట్టగా ఉన్నాయి. ఎవరికీ ఇచ్చిన పాపాన పోలేదు.

"నా తల వంగకుండా చెయ్యి తాతా. పిల్లలు అయిపోతున్నారు."

తాత గుట్టలోంచి ముక్కలు ఏరాడు. పలకలు పేర్చి పుర్రె కట్టాడు. వెన్నులో పూసలు గుచ్చాడు. మొదటి పూసను పుర్రెకు అతికించబోయి ఆగాడు.

"ఇది అతికిస్తే ఇక మెడ ఉండదమ్మా. వెనకనుంచి ఎవరు పిలిచినా తల తిప్పి చూడలేవు."

"ఒళ్ళంతా తిప్పుతాను. అతికించు."

దొర వచ్చాడు. తలలన్నీ వంగాయి. కొర్రమీను కళ్ళెదుటే ఆ నోరు మెల్లగా పిల్లలవైపు తెరుచుకుంది.

"ఓహో, దొరగారి భోజనం ఇలాగన్నమాట!" అని అరిచింది.

"వంచు తల!" అంటూ మొసలి ముందుకాలితో ఆమె నెత్తిమీద నొక్కాడు.

మెడ ఉంటేగా వంగడానికి! తల కిందికి పోయేసరికి ఒళ్ళంతా కర్రలా లేచింది. తోక ఫెడీమని దొర కంట్లో తగిలింది. ఆ చప్పుడుకు చేపలన్నీ తలలెత్తి, తెరిచిన ఆ నోటిని మొదటిసారి చూశాయి. ఇంతమంది చూస్తుంటే దొరకు తినబుద్ధి కాలేదు. కన్ను మూసుకుని వెళ్ళిపోయాడు. పిల్లల్లో ఒక్కటీ తగ్గలేదు.

మర్నాడు తాత ముంగిట్లో చేపలు బారులు తీరాయి. అందరికంటే ముందు జెల్ల నిలబడి, "నాకు ఈ ఆలోచన ఎప్పటినుంచో ఉంది," అని చెబుతోంది.

అప్పటినుంచే చేపకు మెడ లేదు. పుర్రె వెన్నుకు అతుక్కునే ఉంటుంది. పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పుతుంది గానీ, ఎంతటి దొర ఎదురైనా తల మాత్రం వంచదు.