పీచుమిఠాయి రంగు గుడ్లు

అనగనగా కాలవ ఆఖరున ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకరత్నమని ఒకావిడ. కుదురుగా కూర్చోలేని మనిషి. ఊఁ కొడుతున్నావా అమ్మలూ?

ఆవిడకి ఉన్నది ఒకటే మడి. ఆ ఏడు నారు ఒక్కసారి ఊడ్చడానికే సరిపోయింది. అది పోతే మళ్ళీ పోయడానికి ఇంట్లో గుప్పెడు విత్తనం లేదు.

ఊడుపులకి ముందు చేపల చెరువుల పక్కన కొత్తరకం నత్తలు చూసింది. మన నల్లనత్తలు కావు. నిమ్మకాయంతేసి, పసుప్పచ్చగా ఉన్నాయి. కూరకొస్తాయని గంపలో తెచ్చింది. సగం వండింది. మిగతావి పెరుగుతాయిలే అని మడి పక్కన నీళ్ళు పారే బోదెలో వదిలింది.

ఊడ్చిన మూడోనాడు చూస్తే ఒక మూల నారు లేదు, ఉత్త నీళ్ళే. నత్తలు బోదెలోంచి పాకొచ్చి లేత మొక్కలు కొరికేశాయి.

అప్పుడు వాటిని ఏరి గట్టుమీద ఎండలో పోసింది. అవేం చేశాయో తెలుసా? గుల్లకున్న మూత బిగించుకుని లోపల పడుకున్నాయి. వాన పడగానే మూత తీసి మళ్ళోకి దిగాయి.

ఆ తర్వాత మడి ఆరగట్టింది. నత్తలు బురదలో దూరాయి. నీళ్ళు పెట్టగానే పైకొచ్చాయి. ఇంకో మూల పోయింది. నూకరత్నానికి అన్నం సయించలేదు.

ఆ తర్వాత మొక్కల కాడలకి, నీటికి జానెడు పైన, పీచుమిఠాయి రంగు గుత్తులు కనబడ్డాయి. నత్తగుడ్లు. ఒక గుత్తి నీళ్ళలో పడితే నాలుగు రోజులకి కుళ్ళిపోయింది. కాడమీదవి నిగనిగలాడుతూనే ఉన్నాయి. ఓహో, నీళ్ళలో మునిగితే గుడ్డు బతకదన్నమాట.

అయితే మడి నిండా నీళ్ళు పెట్టాలి. పెడితే అవి పొర్లి కింద మడిలోకి పోతాయి. అది అచ్చియ్యది. నీళ్ళతో నత్తపిల్లలూ పోతాయి. చెప్పకుండా ఎలా? చెబితే, తెచ్చింది తనేనని ఒప్పుకోవాలి. అచ్చియ్య గుమ్మందాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కొచ్చేసింది. మూడోసారి లోపలికెళ్ళింది.

"మావయ్యా, మడికి నీళ్ళెక్కించాలి."

"ఎక్కించుకో. నన్నడుగుతావేంటి?"

"నీ మళ్ళోకి నత్తలొస్తాయి. అవి నేను తెచ్చినవే, కూరకని."

అచ్చియ్య చుట్ట నమిలాడు. "కూర ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"కూర గిన్నెడు పంపలేదు. నత్తలు మాత్రం పంపుతావన్నమాట."

అలా అంటూనే లేచి, పాత చేపలవల తెచ్చి నీళ్ళు దిగేచోట అడ్డం కట్టాడు. అప్పుడు నూకరత్నం నీళ్ళు పెట్టింది, నారు కొసలు మునగకుండా, గుడ్లు మునిగేంత. ఇద్దరూ బొప్పాయాకులు నీళ్ళలో పరిచారు. ఆకు తినడానికి చేరిన నత్తల్ని చేటలకెత్తారు. ఆ తర్వాత నారు వేరు పట్టి, కాడ ముదిరింది. ఇక తొక్కినా విరగదని అప్పుడు మళ్ళోకి బాతుల్ని తోలారు. అవి పిల్లనత్తల్ని ఏరుకు తిన్నాయి.

రెండు మూలలు పోయాయి. మిగతా మడి నిలిచింది.

నత్తలన్నీ పోయాయా అంటే, ఎక్కడ పోతాయే. ఒకరోజు పక్కూరి మురుగుకాలవ గట్టున పిల్లలు ఆ గుత్తుల చుట్టూ చేరి ముచ్చటపడుతున్నారు. ఈసారి నూకరత్నం వెనక్కి తిరగలేదు. గబగబా వెళ్ళి, "అవి నేను తెచ్చిన నత్తల గుడ్లే. ముందు వాటిని నీళ్ళలోకి తొయ్యండి, మీ పెద్దాళ్ళని పిలవండి, అంతా చెబుతాను" అంది.

నత్త చేటలోకి, నారు మళ్ళోకి,
కథ కంచిలోకి, నువ్వు దుప్పట్లోకి.