డాక్టరమ్మ ట్రైలరు బ్రేకులు

మూడు రోజులుగా గౌరినాయుడికి ముద్ద దిగడం లేదు. ఎంత తంటాలు పడ్డా డాక్టరమ్మ ట్రైలరుకి బ్రేకులు సరిగ్గా పట్టడం లేదు.

డాక్టర్ కరుణమ్మగారు పాడేరు చుట్టుపక్కల ఊళ్లకు జీపు వెనక ఒక ట్రైలరు తగిలించుకుని వెళ్తారు. లోపల మంచం, స్టవ్వు, మందుల బీరువా ఉంటాయి. ఏ ఊళ్లో పొద్దుగూకితే ఆ ఊళ్లో ఆవిడకి అదే ఇల్లు. దాని బ్రేకులు కరెంటువి. జీపు బ్రేకు తొక్కగానే బ్యాటరీ నుంచి కరెంటు వెళ్లి ట్రైలరు చక్రాల్లోని మాగ్నెట్లను పనిచేయించాలి, అప్పుడు చక్రాలు ఆగాలి. ఇప్పుడు జీపు ఆగుతోంది గాని, ట్రైలరు ఆగకుండా దాన్ని వెనక నుంచి నెడుతోంది. రేపు పొద్దున ఆవిడ ఘాటు రోడ్డు దిగి మాడుగుల వెళ్లాలి. ఆ మలుపుల్లో వెనక బండి నెడితే ఏమవుతుందో పాడేరులో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

గౌరినాయుడు చేయని పని లేదు. కొత్త మాగ్నెట్లు వేశాడు, బ్రేకు షూలు బిగించాడు, జీపులోంచి ఆ బ్రేకులకి కరెంటు వదిలే కంట్రోలరు కూడా మార్చేశాడు. చివరికి గురువు శరభాచారిగారికి కబురు పెట్టాడు. ఆయన దగ్గర పదకొండేళ్లు బండ్ల కరెంటు పని నేర్చుకుని, రెండేళ్ల కిందట సొంత షెడ్డు పెట్టుకున్నవాడు. ఆ తర్వాత ఆయన్ని సాయం అడగడం ఇదే మొదటిసారి. అడగడం నామోషీగానే ఉంది.

శరభాచారిగారు వచ్చి ఒక పాత టైరు మీద కూర్చున్నారు.

"ఏటి చూశావు?"

"అన్నీ చూశానండి గురువుగారూ. చక్రం దగ్గర వైర్లు విప్పి మీటరు పెట్టాను. పన్నెండు వోల్టులూ వస్తన్నాయి. వైరింగులో లోపం లేదండి."

మీటరు తీసి చూపించాడు. వైజాగు నుంచి తెప్పించుకున్న డిజిటల్ మీటరది. జేబులోంచి తీసినప్పుడల్లా కళ్లకద్దుకోవడం ఒక్కటే తక్కువ.

శరభాచారిగారు సంచిలోంచి పాత హెడ్‌లైటు బల్బు ఒకటి తీసి, విప్పి ఉన్న ఆ రెండు వైర్లకీ తగిలించారు. మీటరు కూడా అక్కడే పెట్టమని సైగ చేశారు. జీపులో కూర్చున్న డాక్టరమ్మ ఆయన చెప్పినట్టే కంట్రోలరు మీట నొక్కి పట్టుకున్నారు.

బల్బు ఆరిపోతున్న పిడకలా ఎర్రగా మినుకుమంది. మీటరులో పన్నెండు కాస్తా నాలుగుకి పడిపోయింది.

గౌరినాయుడు మీటరును అరచేత్తో రెండుసార్లు తట్టాడు. పాపం, దాని తప్పేం లేదు.

"పని చెప్పకుండా ఉత్తినే అడిగితే ఉందనే అంటాది," అన్నారు శరభాచారిగారు.

తర్వాత బల్బుకున్న ఒక కొస విప్పి, పొడవాటి వైరుతో నేరుగా జీపు బ్యాటరీ మైనస్‌కి కలిపారు. బల్బు భగ్గున వెలిగింది.

కరెంటు చక్రం దాకా బాగానే వస్తోందన్నమాట. అది తిరిగి వెళ్లే దారే మూసుకుపోయింది. ఆ దారి ట్రైలరు అడుగున ఉండే ఇనప చాసిస్‌కి బిగించిన ఎర్త్ వైరు. గౌరినాయుడు ట్రైలరు కిందికి దూరి చూశాడు. బోల్టు బిగుతుగానే ఉంది. దాని కింద నీలం రంగు నిగనిగలాడుతోంది.

పోయిన వారం ఆ చాసిస్‌కి రెండు పూతలు రంగు వేసింది అతనే. వేలెడంత జాగా కూడా వదల్లేదని డాక్టరమ్మని వంగమని మరీ చూపించాడు. రంగు కరెంటుని పోనివ్వదని, ఎర్త్ వట్టి ఇనుముని తాకాలని ఈ పనిలో చేరిన మొదటి వారంలోనే ఎవరికైనా తెలుస్తుంది. ఆ రంగు చూసుకుని మురిసిపోతూ, ఎర్త్ దాని మీదే బిగించేశాడు.

పక్క నుంచి గురువుగారి చెయ్యి లోపలికి వచ్చింది. అందులో ఉప్పు కాగితం ముక్క ఉంది.

గౌరినాయుడు రంగు గీకి, ఇనుము తేలాక బోల్టు మళ్లీ బిగించాడు. మాగ్నెట్ల వైర్లు కలిపి, జాకీ మీద లేపిన చక్రాన్ని గట్టిగా తిప్పి మీట నొక్కించాడు. చక్రం టక్కున ఆగింది. రెండోదీ అంతే.

డాక్టరమ్మ జీపు దిగి వచ్చారు.

"అయితే రేపు ధైర్యంగా ఘాటు దిగొచ్చా నాయుడూ?"

దిగొచ్చమ్మా అనబోయాడు. మాట నాలిక చివరిదాకా వచ్చింది. గురువుగారు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఎటో చూస్తున్నారు.

గౌరినాయుడు జాకీ దించి, గొట్టం తెచ్చి ట్రైలరులోని నీళ్ల ట్యాంకు నిండా పట్టాడు. షెడ్డులో పడి ఉన్న పాత లారీ బ్యాటరీలు నాలుగు మోసుకొచ్చి లోపల పేర్చాడు. అప్పుడు చెయ్యి చాచాడు.

"తాళాలిలా ఇవ్వండమ్మా. ఈ బరువుతోనే మొదటి మలుపు దాకా దిగి చూసొస్తాను."

"ఒక్కడివేనా?" అన్నారావిడ కంగారుగా.

శరభాచారిగారు అప్పటికే అవతలి తలుపు తీసి, జీపెక్కి కూర్చున్నారు.