కొంగ చుట్టూ ఉన్న తెలుపు

చెంగల్రాయుడు బట్టలు మూటగట్టుకుని గురువు వాకిట్లో కూర్చున్నాడు. తొమ్మిదేళ్ళు ఆ ఇంట్లో తిని, కాళహస్తి కలంపని నేర్చుకున్నవాడు. ఈరోజు పొమ్మంటారని వాడికి నమ్మకం. పొమ్మంటే వేరే పని రాదు, వేరే ఇల్లూ లేదు.

గురువు మునెప్ప. తక్కిన కలంకారీవాళ్ళు గుడ్డ మీద వేలెడు చోటు వదలరు. మునెప్ప నాలుగు గీతలు గీసి కలం కడిగేసేవాడు. మునెప్ప దగ్గర బొమ్మ కొంటే గుడ్డ ఊరికే వస్తుందని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. ఆ మాట విని ఆయనా నవ్వేవాడు. మరుసటి గుడ్డ మీద మూడే గీతలుండేవి.

చూపు మందగించాక, పెద్ద గుడ్డ మీద ఒక వారగా ఒంటికాలి మీద నిలబడ్డ కొంగను గీశాడు. తన చేత్తో ఇదే ఆఖరని చెప్పి, కూతుర్ని చూడ్డానికి పుత్తూరు వెళ్ళాడు. ఆయన బతుకంతా గీసిన గుడ్డలతోపాటు దీన్నీ ప్రదర్శనలో పెడతామని పట్నంవాళ్ళు అప్పటికే కబురు పెట్టి ఉన్నారు.

ఆ పనిలో ఒక ఆచారముంది. గురువు బొమ్మ గీస్తే, చుట్టూ శిష్యుడు నింపుతాడు. మునెప్ప మాత్రం ఎన్నడూ నింపమనలేదు. ఈసారి కళ్ళు కనబడక వదిలేశాడు పాపం అనుకున్నాడు చెంగల్రాయుడు. పట్నంలో గురువు నవ్వులపాలు కాకూడదని వారం రోజులు వంచిన నడుం ఎత్తకుండా చేపలూ తామరలూ తీగ అంచూ నింపాడు. లేచి దూరం నుంచి చూస్తే కొంగను వెతుక్కోవలసి వచ్చింది. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పడ్డ నలుపు ఎంత ఉతికినా పోదు.

మునెప్ప వచ్చాడు. మూటను చూశాడు. లోపలికి పోయి, చాప మీద పరిచిన గుడ్డ ముందు కూర్చుని, ముఖం దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. చెంగల్రాయుడు గడప దగ్గరే నిలబడి జరిగినదంతా చెప్పేశాడు. ఆయన తెల్లగుడ్డ పీలికలు తెమ్మన్నాడు.

"చేపల్ని మూసెయ్."

వాడు పీలికలు పరిచాడు.

"కొంగ ఉందా?"

"ఉంది సామీ."

తామరల్ని మూయమన్నాడు. అంచును మూయమన్నాడు. కొంగ ఉందనే చెప్పాడు శిష్యుడు.

"ఇప్పుడు కొంగను మూయి."

చెయ్యి కదల్లేదు. చివరికి ఆ పీలికా పరిచాడు. చాప మీద తెలుపు తప్ప ఏమీ మిగల్లేదు. గురువు గీసిన రోజు కొంగ చుట్టూ ఉన్నదీ ఇదే తెలుపు.

"ఏముంది?"

"నీళ్ళు సామీ."

మునెప్ప గట్టిగా ఊపిరి వదిలి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచాడు. పీలికలు తీసేయించి, పట్నంవాళ్ళకు నిండిన ఈ గుడ్డే ఇద్దామన్నాడు. ఇద్దరి పేర్లూ రాయమన్నాడు. చెంగల్రాయుడు అక్కడే కూర్చుండిపోయాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో వాడికే తెలియలేదు.

"కూర్చుంటే ఎట్లరా? పోయి పాలు తీసుకురా, కరక్కాయ కలిపి కొత్త గుడ్డ నానెయ్యాలి."

"ఇంక గీయనన్నారు కదా సామీ."

"నువ్వు గీస్తావు. ఎక్కడ ఆపుతావో నేను చూస్తా."