ఏటి మీద ఇల్లు, ఇంట్లో నుయ్యి

బొండాయిలంకలో బుర్రున్న కొంప ఏదని ఎవరైనా అడిగితే తాతబ్బాయి వాళ్ళే ముందుగా చెయ్యెత్తేస్తారు. మిగతా ఊరు ఏమంటుందో నేను చెప్పను, మర్యాదగా ఉండదు. మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచినా తాతబ్బాయి తలకి తువ్వాలు చుట్టడు, లోపల తెలివికి ఉక్కపోస్తుందని. వాళ్ళమ్మ వెంకాయమ్మ కొడుకులిద్దరికీ తలంటేటప్పుడు చెవుల్లో దూది కుక్కేది, తెలివి కారిపోతుందని. తమ్ముడు బుల్లెబ్బాయికి ఇంకా పెళ్ళి కాలేదు. తనకి తగ్గ తెలివైన పిల్ల ఈ జిల్లాలో పుట్టలేదని వాడి బాధ. ఇక తాతబ్బాయి పెళ్ళాం సూరాయమ్మ కాపరానికి వచ్చిన కొత్తలో మామూలు మనిషేనట. ఆ ఇంటి తిండి తిని తనూ తెలివిమీరిపోయింది.

ఎంత తెలివుంటే ఏం లాభం, గోదారి మాత్రం వీళ్ళని లెక్కచేసేది కాదు. ఏటా శ్రావణం వచ్చిందంటే లంక మీదికి వరద, ఇంట్లోకి నీళ్ళు. సూరాయమ్మ ఆవకాయ జాడీ నెత్తికెత్తుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని, గట్టు మీదున్న బడి వరండాకి పోవడం. అక్కడ ఊరి జనం మధ్య, మేకల మధ్య, కాళ్ళు చాపుకోడానికి చోటు లేక ముడుచుకుని పడుకోవడం. ఆ ఏడు వరద తీశాక ఇంట్లో బురద ఎత్తిపోస్తూ పాపం ఏడ్చేసింది.

"ఇంక నా వల్ల కాదండీ. ఇంకోసారి ఆ వరండాలో పడుకోమంటే మా పుట్టింటికి పోతాను. నీళ్ళకి బయపడక్కర్లేని ఇల్లు కావాలి నాకు."

ఇంకేముంది, ఇల్లంతా ఆలోచనలో పడింది. చివరికి బుల్లెబ్బాయి తొడ చరిచాడు.

"అన్నియ్యా! ఇల్లు నేల మీదుంది కాబట్టి కదా నీళ్ళు దాని మీదికొస్తున్నాయి. ఇల్లే ఎల్లి నీళ్ళ మీద కూచుందనుకో, అవి ఇంకెక్కడికొస్తాయి?"

వెంకాయమ్మ పరుగున వచ్చి చిన్నకొడుక్కి దిష్టి తీసింది. తాతబ్బాయి ఆ వారంలోనే ఉన్న ఇల్లు అమ్మేశాడు.

పడవ నడిపే సరంగు నూకరాజు దగ్గర ఒక పాత ఇంటిపడవ ఉండేది. ఒకప్పుడు అందులో టూరిస్టుల్ని ఎక్కించుకుని ఏటి మీద తిప్పేవాడు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులొచ్చి మానేశాడు. రెండు గదులు, వంటిల్లు, ఆకుపచ్చ రంగు కిటికీలు, పైన తాటాకు కప్పు. తాతబ్బాయి చూశాడు, అంతే, కొనేశాడు. ఇంజను కూడా వద్దన్నాడు, ఇల్లన్నాక కదలకుండా ఉండాలని. సరంగు పడవని రేవులో పాతిన గూటానికి కట్టి, ఈ కుటుంబం సంగతి తెలిసినవాడు గనక నెమ్మదిగా చెప్పాడు.

"చూడండి తాతబ్బాయిగారూ. నీళ్ళు లోపలికి రానివ్వకండి. బరువంతా ఒక పక్కకే చేరనివ్వకండి. తాడు వొదలకండి. ఇంక మీ ఇష్టవండి."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

గృహప్రవేశం రోజు ముందుగా ఆవు లోపలికి అడుగుపెట్టాలి కదా. పాలమ్మే వాళ్ళ ఆవుని తోలుకొచ్చి, గట్టు మీంచి పడవకి బల్ల వేశారు. ఆవు గడప దాటబోతోంది, బుల్లెబ్బాయి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగండాగండి! ఈ ఆవు పొద్దున్న కుడితి తాగింది. కుడితంటే ఏంటి? నీళ్ళు. ఆవు లోపలికొస్తే నీళ్ళు లోపలికొచ్చినట్టే. సరంగుగారు వొద్దన్నాడు."

"నిజవే సుమా," అంది వెంకాయమ్మ.

ఇంకేం చేస్తారు, అందరూ ఆవు తోకవైపు చూస్తూ నిలబడ్డారు. పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని మొత్తుకుంటున్నాడు. ఆవుకి ముహూర్తాలేం తెలుసు? దానికి తోచినప్పుడే అది కానిచ్చింది, అదీ సరిగ్గా పురోహితుడి కొత్త పంచె మీద. అప్పుడుగాని లోపలికి తోలలేదు.

ఆవు లోపలికెళ్ళి వంటింటి వైపు నిలబడింది. పడవ అటు ఒరిగింది. "బరువు! బరువు!" అని తాతబ్బాయి కేకపెట్టాడు. అంతే, నలుగురూ పురోహితుణ్ణి కూడా లాక్కుని అవతలి గోడకి అతుక్కుపోయారు. ఆవు ఇటొస్తే వీళ్ళు అటు, ఆవు అటెళితే వీళ్ళు ఇటు. మంత్రాలు సగం ఆ గదిలో, సగం ఈ గదిలో అయ్యాయి. కాసేపటికి పురోహితుడు కిటికీలోంచి గట్టు మీదికి దూకి, దక్షిణ కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు. ఆయన బరువు తగ్గింది కదా, ఆయన పీట మీద ఆవకాయ జాడీ కూర్చోబెట్టి, దాని మీదే అక్షింతలు వేసి, మిగతా కార్యక్రమం పూర్తిచేశారు.

ఆ రోజు నుంచీ కాపరం మహా పద్ధతిగా సాగింది. సూరాయమ్మ పొయ్యి దగ్గరుంటే వెంకాయమ్మ ఎదురుగోడ దగ్గర కూర్చోవాలి. వెంకాయమ్మకి వక్కాకు కావాలంటే కోడలు పొయ్యి మీద కూర వదిలేసి ఎదురుపక్కకి పరిగెత్తాలి. తాతబ్బాయి ఒక ముద్ద మింగితే అవతల బుల్లెబ్బాయి కూడా ఒక ముద్ద మింగాలి.

"మెల్లిగా తినరా, నాకంటే బరువైపోతన్నావు," అని అన్న.

"నువ్వు తొందరగా తినన్నియ్యా, ఇల్లు ఒరిగిపోద్ది," అని తమ్ముడు.

రాత్రి సూరాయమ్మ మొగుడి పక్కన పడుకుందామని వస్తే, "అటే ఉండవే, అటే ఉండు," అనేవాడు. పిల్ల మొహం చిన్నబుచ్చుకుని ఆ మూలకే పోయేది. అయినా ఏమీ అనలేదు. బడి వరండా కంటే ఇదే నయమనుకుంది.

ఇదంతా ఓర్చుకోవచ్చు గాని, దాహం మాట? ఇంట్లోకి నీళ్ళు రాకూడదు. బిందె లేదు, చెంబు లేదు. గట్టు మీద వార్చుకొచ్చిన అన్నంలో ఆవకాయ కలుపుకుని పడవలో తిని, నాలుకలు బయటపెట్టుకుని బల్ల మీంచి గట్టుకి పరిగెత్తి, ఊరి కుళాయి దగ్గర తాగేవారు. సరే, తాగారు. మరి కడుపులో ఉన్నవి నీళ్ళు కావా? ఆవుకి పెట్టిన నియమం మనిషికి లేకపోతే ఎలా అన్నాడు బుల్లెబ్బాయి. న్యాయమే. నీళ్ళు తాగినవాళ్ళు గట్టు మీద కూర్చుని, వచ్చే పని అయ్యాకే ఇంట్లోకి రావాలని తీర్మానమైంది. వానొచ్చినా, ముసురు పట్టినా గట్టు మీద ఎవరో ఒకరు కూర్చునే ఉండేవారు. దారిన పోయేవాళ్ళు "ఏంటండీ ఇక్కడ కూచున్నారు?" అంటే వెంకాయమ్మ సిగ్గుపడి మొహం తిప్పుకునేది.

ఒకరోజు సూరాయమ్మకి కోపం వచ్చింది.

"చుట్టూ గోదారి పెట్టుకుని గొంతెండి చస్తన్నాం. అసలు నుయ్యి లేని ఇల్లు ఇల్లేనా?"

తాతబ్బాయి ఉలిక్కిపడ్డాడు. నిజమే! పాత ఇంట్లో నుయ్యి ఉండేది.

"ఒరే బుల్లెబ్బాయ్, సరంగుగారు నీళ్ళు బయట్నించి లోపలికి రాకూడదన్నాడు. లోపలే పుట్టకూడదన్నాడా?"

"అన్లేదన్నియ్యా!"

"మరింకేంటి?"

బుల్లెబ్బాయి సిద్ధాంతిగారింటికి పరుగెత్తాడు. ఇంటికి నుయ్యి ఏ దిక్కున తవ్వాలండీ అని మాత్రం అడిగాడు. ఈశాన్యంలో తవ్వించుకోండి, సిరి కలిసొస్తుంది అన్నాడాయన. ఇల్లెక్కడుందో పాపం ఆయనకేం తెలుసు. తాతబ్బాయి వంటింట్లో ఈశాన్యం మూల చూసి ముగ్గు గీశాడు. బుల్లెబ్బాయి ఎవరింట్లోనో గునపం అడిగి తెచ్చేసరికి గోదారికి సముద్రపు పోటొచ్చింది. పడవ తాడు చివర గిర్రున అటు నుంచి ఇటు తిరిగింది.

"ఈశాన్యం ఏదన్నియ్యా?"

"ఇందాక ఇక్కడే ఉందిరా. ఎవరు తీశారు?"

వెతగ్గా వెతగ్గా వెంకాయమ్మ మంచం కింద దొరికింది. మంచం జరిపారు. అటు మంచం పెట్టారు గనక ఇటు జాడీ పెట్టారు. వెంకాయమ్మ చెక్క మీద పసుపు రాసి బొట్టు పెట్టింది. తాతబ్బాయి గునపం ఎత్తి, దేవుణ్ణి తలుచుకుని ఒక్క పోటు పొడిచాడు.

అంతే! బుస్సుమని జల పడింది.

"ఒక్క పోటుకే!" అని వెంకాయమ్మ చేతులు జోడించింది. "పాత నుయ్యి తవ్వడానికి మీ నాన్న ఎన్నాళ్ళు చచ్చాడర్రా! చెయ్యంటే నా కొడుకు చెయ్యి!"

సూరాయమ్మ ఆనందానికి అంతులేదు. గిన్నెలు నింపింది, గంగాళం నింపింది, పప్పు డబ్బా ఖాళీచేసి అదీ నింపింది. నలుగురూ కడుపునిండా తాగారు. ఇంట్లో పుట్టిన నీళ్ళు గనక గట్టు మీద కూర్చునే పనీ లేదు. నుయ్యి మాత్రం ఆగలేదు. పాదాలు మునిగాయి, పిక్కలు మునిగాయి.

"పొంగే నుయ్యండీ మనది," అంది సూరాయమ్మ, కాస్త భయంగానే.

"మరి తూము పెట్టొద్దా?" అన్నాడు బుల్లెబ్బాయి. "ఎక్కువైన నీళ్ళు బయటికి పోవాలంటే తూముండాలి." గునపం తీసుకుని ఎదురుమూల ఇంకో పోటు పొడిచాడు. అక్కడా బుస్సుమంది. వాడు అన్న వైపు చూసి పొంగిపోయాడు. "ఇది కూడా నుయ్యే అయింది! మనిద్దరిదీ ఒకటే చెయ్యన్నియ్యా!"

ఇంకేముంది, కిటికీల దాకా వచ్చేశాయి. సూరాయమ్మ జాడీ నెత్తికెత్తుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని గట్టెక్కింది. వెనక్కి తిరిగి చూస్తే ఏటి మీద తాటాకు కప్పొకటే కనపడుతోంది. అక్కడే కూలబడి భోరుమంది. "నా ఇల్లండీ! నా ఇల్లు!" అని ఆ పిల్ల ఏడుస్తుంటే చూసేవాళ్ళకి నవ్వు ఆగిపోయింది.

కబురు తెలిసి సరంగు నూకరాజు కుంటుకుంటూ వచ్చాడు. సంగతంతా విన్నాడు. తర్వాత సూరాయమ్మ ఏడుపు చూసి జాలిపడ్డాడు.

"ఊరుకోమ్మా. చెక్క పడవ, అడుక్కి పోదు. ఆ చిల్లులు నేను మూసేస్తాను. మనుషుల్ని తెచ్చి తాడు పట్టి లాగిస్తే రేపీపాటికి నీ ఇల్లు నీకొచ్చేస్తాది." తాతబ్బాయి వైపు తిరిగాడు. "ఆటు మొదలైంది, నీళ్ళు సముద్రం వైపు లాగేస్తన్నాయి. ఇప్పుడు దాన్ని పట్టుకున్నది ఆ తాడొక్కటేనండి. నేనొచ్చేదాకా ఏం జరిగినా తాడు మాత్రం వొదలకండి."

"ప్రాణం పోయినా వొదల్నండి," అన్నాడు తాతబ్బాయి. ఆ మాటకి కట్టుబడే మనిషి. సరంగు అటు వెళ్ళగానే గూటానికున్న ముడి విప్పేశాడు. వదలొద్దన్నది తనని గాని గూటాన్ని కాదు కదా. తాడు చేతికి చుట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డాడు.

ఈలోగా ఈదురుగాలి లేచింది. తడిసిన వెంకాయమ్మ గజగజ వణికిపోతోంది. ఎక్కడికి పోతారు? మళ్ళీ ఆ బడి వరండాయే దిక్కు. సెలవుల్లో బడికి రంగులు వేయిస్తున్న మాస్టారు వీళ్ళని చూసి తెల్లబోయాడు.

"ఇదేంటమ్మా, ఇంకా వరద రాలేదుగా?"

"రాలేదండి," అంది సూరాయమ్మ ముక్కు చీదుకుంటూ. "ఈసారి మేవే తవ్వి తెచ్చుకున్నాం."

మొగుడు తాడు పట్టుకుని చెమటలు కక్కుతూ వెనకాలే వచ్చి వరండాలో కూర్చున్నాక గాని ఆవిడ మనసు కుదుటపడలేదు.

సరంగు మనుషుల్ని వెంటేసుకుని రేవుకి వెళితే అక్కడ పడవా లేదు, కప్పూ లేదు. బడికి పరుగెత్తుకొచ్చాడు.

"తాతబ్బాయిగారూ! తాడేదండీ?"

తాతబ్బాయి గర్వంగా చెయ్యెత్తి చూపించాడు. చుట్టిన చోట చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. "ఇదిగోనండి. కన్నార్పితే ఒట్టు. ఒక్క చిటికె కూడా వొదల్లేదు."

"మరి రెండో కొస?"

"అది బడిదాకా చాల్లేదండి. రోడ్డు దగ్గరికొచ్చేసరికి బిగుసుకుపోయింది. వొదిలేద్దావంటే మీరు వొద్దన్నారాయె. అందుకని కత్తిపీట అడిగి కోసి తెచ్చేశాను."

సరంగు మెట్ల మీద కూర్చుని తల పట్టుకున్నాడు. సూరాయమ్మకి ఆయన్ని చూస్తే జాలేసింది.

"మీరు బెంగెట్టుకోకండి సరంగుగారూ. తాడు మన దగ్గరే ఉందిగా, ఇల్లెక్కడికి పోద్ది?" అని, మొగుడి చెయ్యి చూసి చటుక్కున లేచింది. "బుల్లెబ్బాయ్, మీ అన్నియ్య చెయ్యి వాచిపోయింది, కాసేపు నువ్వు పట్టుకో. గట్టిగా పట్టుకో నాయనా, నా ఇల్లుందక్కడ."