గాయం చూడడానికి వచ్చిన రాకుమారుడు

అనగనగా మణిశైలమని ఒక రాజ్యం ఉండేది, పిల్లలూ. ఆ రాజ్యానికి రాజు ధర్మకేతుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతుడు, కత్తి పడితే ఎదురులేనివాడు. రెండోవాడు ధనకేతుడు, చెయ్యి ధారాళం, మాట తియ్యన. మూడోవాడు సోమకేతుడు. వాడికి కత్తీ అంతంతమాత్రమే, మాటా అంతంతమాత్రమే. ఎవరన్నా తమ కష్టం చెప్పుకుంటుంటే మాత్రం లేచిపోకుండా చివరిదాకా వినేవాడు.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతల, నల్లరాతి దీవిలో కాలజంఘుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడి కన్ను మణిశైలం మీద పడింది. పొగతో గుర్రాల్ని చేశాడు. పొగతో రౌతుల్ని చేశాడు. ఒకనాడు తెల్లవారేసరికి ఆ సేననంతా ఏటి అవతలి గట్టున దింపేశాడు. ఏరు దాటితే ఊళ్ళు. ఊళ్ళనిండా ముసలివాళ్ళు, పసిబిడ్డలు.

ధర్మకేతుడు తన సైనికుల్ని పిలిచి, "రేవు వదలకండి నాయనలారా!" అన్నాడు.

వాళ్ళు వదల్లేదు. మొలలోతు నీళ్ళలో నిలబడి రేవు కాచారు. పక్కవాడు పడిపోతే వాడి చోటు కూడా తామే కాచారు. చివరికి పొగ గుర్రాలు చెదిరిపోయాయి, పొగ రౌతులు గాలిలో కలిసిపోయారు. కాలజంఘుడు వెనక్కి తిరిగాడు. తిరిగిపోతూ ఒక శాపం పెట్టిపోయాడు.

"నా బాణం తగిలిన గాయం మానదు! తగిలినవాడు చావడు, లేవడు!"

అన్నంతా అయింది. కోటలోని ఏనుగులశాల ఖాళీ చేయించి వైద్యశాల చేశారు. గాయపడ్డ సైనికుల్ని వరసగా చాపల మీద పడుకోబెట్టారు. వైద్యురాలు మందార పొద్దున కట్టు కడితే సాయంత్రానికి అది తడిసిపోయేది. సాయంత్రం కడితే తెల్లారేసరికి తడిసిపోయేది. అయినా ఆ పిల్ల విసుక్కోకుండా మళ్ళీ కట్టేది.

ఒకరోజు రణకేతుడు వైద్యశాలకు వెళ్ళాడు. ముందు భేరీలు, వెనక బాకాలు. "వీరులారా!" అంటూ పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. పెద్ద రాకుమారుడు వచ్చాడు కదా అని పాపం సైనికులు లేచి దండం పెట్టబోయారు. లేచేసరికి కట్లు తెగి నెత్తురు కారింది. రణకేతుడు అది చూడకుండానే వెళ్ళిపోయాడు.

మరొకరోజు ధనకేతుడు వెళ్ళాడు. గుమ్మం దగ్గరే ఆగి, ముక్కుకు గంధపు గుడ్డ అడ్డం పెట్టుకుని, బళ్ళకొద్దీ లడ్లు, పట్టుబట్టలు లోపలికి పంపించాడు. దవడలు పగిలినవాళ్ళు లడ్లు ఎలా తింటారు? ఒళ్ళంతా పుళ్ళయినవాళ్ళు పట్టు ఎలా కడతారు? ధనకేతుడికి అది తట్టలేదు.

తరవాత సోమకేతుడు వెళ్ళాడు. వెంట ఎవర్నీ తీసుకుపోలేదు. లోపలికైతే అడుగుపెట్టాడు కానీ, ఏం మాట్లాడాలో తెలియలేదు. స్తంభం పక్కన అలాగే నిలబడిపోయాడు. ఇంకాస్త ఉంటే పారిపోయేవాడేమో, అంతలో పక్క చాప మీంచి ఒక గొంతు వినిపించింది.

"అబ్బాయ్! ఎవరివోగానీ, ఆ చెంబు కాస్త నా నోటికి అందించు. నా చేతులు నా మాట వినడం లేదు."

ఆయన పేరు కాటమయ్య. రేవులో అందరికంటే ముందు వరసలో నిలబడ్డవాడు. రెండు చేతులకూ బాణాలు దిగాయి. సోమకేతుడు గబగబా చెంబు తెచ్చాడు. కంగారులో సగం నీళ్ళు కాటమయ్య మీసాల మీద ఒలకబోశాడు.

"తాగించమన్నాను నాయనా, తలంటమనలేదు," అన్నాడు కాటమయ్య.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సోమకేతుడూ నవ్వాడు. వెళ్ళి చాప పక్కన నేల మీద కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి రోజూ వచ్చాడు. కట్టు ఊడదీసేటప్పుడు లాగకూడదనీ, గోరువెచ్చని నీళ్ళతో తడిపి దానంతటదే వదిలేదాకా ఓపిక పట్టాలనీ మందార నేర్పింది. "గాయాన్ని చూసి మొహం చిట్లించకండి బాబూ," అని చెప్పింది. "గాయపడ్డవాళ్ళు తమ గాయాన్ని చూసుకోరు. మన మొహం చూస్తారు. ఎంత దెబ్బ తగిలిందో మన మొహంలోనే వెతుక్కుంటారు."

ఇతను రాకుమారుడని తెలిశాక కూడా కాటమయ్య చనువు తగ్గించుకోలేదు. ఒకనాడు గంజి తాగుతూ అన్నాడు: "అన్నీ బాగానే ఉన్నాయి బాబూ. ఒక్కటే కొరత. రాజుగారు ఒక్కసారి వచ్చిపోతే బాగుండును. ఆయన మాకేమీ ఇవ్వక్కర్లేదు. రేవు వదలకండని ఆయన మమ్మల్ని చూసి అన్నాడు. వదల్లేదని మేం ఆయన్ని చూసి చెప్పాలి. అంతే."

సోమకేతుడు తిన్నగా తండ్రి దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పాడు. ధర్మకేతుడు కిటికీ వైపు తిరిగిపోయాడు.

"నేను పొమ్మంటే పోయారు. నేను నిలబడమంటే నిలబడ్డారు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటావు నాయనా? వాళ్ళ గాయాలు మానే మందు చేతపట్టుకుని వెళతాను. వట్టి చేతులతో వెళ్ళలేను."

ఆ మాట విని రణకేతుడు, "ఆ మాంత్రికుడి తల తెస్తాను," అని కత్తి తీసుకుని ఓడ ఎక్కాడు. తిరిగి రాలేదు. ధనకేతుడు, "వాడిని కొనేసి వస్తాను," అని బంగారు మూట తీసుకుని ఓడ ఎక్కాడు. అతనూ తిరిగి రాలేదు. అప్పుడు సోమకేతుడు తండ్రి కాళ్ళకు మొక్కి, మందార దగ్గరికి వెళ్ళాడు.

"నాకు ఒక సంచి సర్దిపెట్టు మందారా."

ఆమె పాత నూలుబట్టలు చింపి చుట్టలు చుట్టింది. పసుపు కట్టింది. వేపనూనె బుడ్డి పెట్టింది. "కత్తి పెట్టుకోరా?" అని అడిగింది.

"అది అన్నయ్యకే పనికిరాలేదు, నాకేం పనికొస్తుంది?" అన్నాడు సోమకేతుడు.

సముద్రపు ఒడ్డుకు వెళ్ళేసరికి అక్కడ గుట్టంత తాబేలు ఒకటి మూలుగుతూ పడి ఉంది. దాని ముందుకాలిలో నల్లటి బాణం ముక్క. అది కాలజంఘుడి బాణమే. సోమకేతుడు మోకాళ్ళ మీద కూర్చుని, గోరువెచ్చని నీళ్ళతో గాయం తడిపి, మెల్లగా ముక్క బయటికి తీసి కట్టు కట్టాడు.

"మానదు నాయనా, నాకు తెలుసు," అంది తాబేలు. "కానీ ఇంత హాయిగా ఉండి ఎన్నాళ్ళయిందో! ఎక్కడికి పోవాలి నువ్వు?"

"కాలజంఘుడి దగ్గరికి."

"అయితే నా వీపెక్కు. దారిలో వాడి గుట్టు చెబుతాను."

తాబేలు ఈదింది. ఉప్పు సముద్రం దాటింది. చెరకు రసపు సముద్రం దాటింది. కల్లు సముద్రం దగ్గర, "ముక్కు మూసుకో నాయనా," అని దాన్నీ దాటింది. నేతి సముద్రం దాటింది. పెరుగు సముద్రం దాటింది. పాల సముద్రం దాటింది. మంచినీటి సముద్రం దాటుతూ గుట్టు చెప్పింది.

"వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక మేలుకుని ఉన్నంతసేపే వాడి మంత్రాలు పనిచేస్తాయి. అది ఒక్కసారి నిద్రపోయిందా, అవి మళ్ళీ రాకుండా పోతాయి. అందుకని అది నిద్రపోకుండా దాని కాలిలో ముల్లు గుచ్చి ఉంచాడు. ప్రాణం దానిలో ఉంది కనక దాని నొప్పి వాడికీ ఉంది. వాడూ కుంటుతాడు, వాడికీ నిద్రలేదు. కత్తి చూసినా, మూట చూసినా ఆ చిలక బెదిరి అరుస్తుంది. అది అరిస్తే ఎదురుగా ఉన్నవాడు రాయైపోతాడు."

నల్లరాతి దీవిలో కోట వాకిట్లో రెండు రాతి బొమ్మలున్నాయి. ఒకటి కత్తి ఎత్తి, ఒకటి మూట చాచి. సోమకేతుడు అన్నల్ని గుర్తుపట్టాడు. రాతి చెక్కిళ్ళు నిమిరాడు. కన్నీళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు.

కాలజంఘుడు కుంటుకుంటూ ఎదురొచ్చాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "కత్తి ఏదిరా?" అని గర్జించాడు.

"తేలేదు."

"మూట ఏది?"

"తేలేదు."

"మంత్రం వచ్చా?"

"రాదు."

"మరెందుకొచ్చావురా?"

"గాయం ఒకటుందని తెలిసి, చూడడానికి వచ్చాను," అన్నాడు సోమకేతుడు. "నీ నడక చూస్తేనే తెలుస్తోంది, చాలా నొప్పిగా ఉన్నట్టుందే!"

కాలజంఘుడు ఎన్ని ఏళ్ళు బతికాడో వాడికే లెక్క తెలియదు. అన్నేళ్ళలోనూ నొప్పిగా ఉందా అని వాడిని అడిగినవాడు లేడు. వాడు సోమకేతుడి సంచి వెతికాడు. నూలుగుడ్డలు, పసుపు, నూనె. వాడికి ఆశ పుట్టింది.

"నొప్పి కాస్త తగ్గించు చాలు. ఈ చిలక అరిచిందా, నువ్వు మూడో బొమ్మవవుతావు," అని పంజరం దగ్గరికి తీసుకెళ్ళాడు.

పంజరంలో చిలక ఈకలు రాలి, కళ్ళు పుసులు కట్టి, ఒంటికాలి మీద వణుకుతోంది. సోమకేతుణ్ణి చూడగానే ముక్కు తెరిచింది. సోమకేతుడు మొహం చిట్లించలేదు. పంజరం పక్కన నేల మీద కూర్చుని మెల్లగా మాట్లాడాడు.

"నేను నిన్నేమీ చెయ్యనమ్మా. కాటమయ్యని ఒకాయన ఉన్నాడు మా ఊళ్ళో. మొదటిరోజు ఆయన మీసాలన్నీ తడిపేశాను. నీ ఈకలు మాత్రం తడపనులే. ఏదీ, ఆ కాలు ఇటివ్వు."

చిలక అరవలేదు. వాడి మొహంలోకి చూసింది. చూసి చూసి, కాలు చాచింది. సోమకేతుడు గోరువెచ్చని నీళ్ళతో తడిపాడు. ఓపిక పట్టాడు. మళ్ళీ తడిపాడు. వాడి నుదుటి మీంచి చెమట ధార కట్టింది. నానిన పుండులోంచి ముల్లు కొంచెం కొంచెంగా పైకి జరిగింది.

ఇవతల కాలజంఘుడికి పాదం చల్లబడింది. "ఆహా," అన్నాడు. గోడకు చేరగిలబడ్డాడు. ముల్లు తీసేస్తున్నాడని తెలిసింది. ఆపమందామనుకున్నాడు. "ఆ..." అని మొదలుపెట్టాడు, అది ఆవులింతగా మారిపోయింది. ముల్లు ఊడి వచ్చింది. చిలక సోమకేతుడి అరచేతిలో ముడుచుకుని, తల రెక్కలో దూర్చుకుని, హాయిగా నిద్రపోయింది. మాంత్రికుడు గుర్రు పెట్టాడు.

అంతే! నల్లరాతి కోట కరిగి ఇసకైపోయింది. రణకేతుడు ఎత్తిన కత్తి దించాడు. ధనకేతుడు చాచిన చెయ్యి ముడిచాడు. ఒడ్డున తాబేలు తన కాలు చూసుకుని, "మానింది! మానింది!" అని కేక పెట్టింది.

కాలజంఘుడు లేచేసరికి మంత్రాలన్నీ పోయి వట్టి ముసలివాడయ్యాడు. రణకేతుడు వాడి మీదికి కత్తి ఎత్తబోతే సోమకేతుడు చెయ్యి పట్టుకున్నాడు. "వద్దన్నయ్యా. వీడు చేసిన గాయాలు చాలా ఉన్నాయి. వచ్చి నీళ్ళు మొయ్యనీ." అలా అన్నదమ్ములు ముగ్గురూ, ముసలివాడూ, చిలకా తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలు దాటి వచ్చారు.

సోమకేతుడు పరుగెత్తుకుంటూ రాజమందిరానికి వెళ్ళాడు. సింహాసనం ఖాళీగా ఉంది. కిటికీ దగ్గర ఎవరూ లేరు. "మహారాజు ఎక్కడ?" అని అడిగితే ద్వారపాలకుడు ఏనుగులశాల వైపు చూపించాడు.

వెళ్ళి చూస్తే, ధర్మకేతుడు కిరీటం లేకుండా, అంగవస్త్రం నడుముకు బిగించి, కాటమయ్య పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో గంజి గిన్నె.

"నాన్నగారూ! వట్టి చేతులతో వెళ్ళలేనన్నారు కదా?"

"అన్నాను," అన్నాడు రాజు. "నువ్వు బయలుదేరిన నాడు నాకు ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. నా ముగ్గురు బిడ్డలూ కనపడకపోతే నాకింత బాధగా ఉందే, ఇంతమంది బిడ్డల్ని చూడకుండా ఎలా ఉన్నానా అనిపించింది. వచ్చి, క్షమించమని అడుగుదామనుకున్నాను. ఈ కాటమయ్య నన్ను అడగనిస్తేనా!"

"రేవు వదల్లేదు మహారాజా అని చెప్పాను," అన్నాడు కాటమయ్య. "మా ఇళ్ళు కూడా ఏటికి ఇటే ఉన్నాయి కదా బాబూ. మా పిల్లల కోసమూ నిలబడ్డాం. ఈయన ఏడిచాడు, మేమూ ఏడిచాం. తరవాత, వట్టి చేతులతో వచ్చారు కనక చెంబు పట్టుకోండి అన్నాను. అదుగో, అప్పట్నుంచి పట్టుకుంటూనే ఉన్నారు."

అంతలో మందార అవతలి వరసలోంచి కేకేసింది. "కట్టు తడవలేదు! చూడండి, ఇక్కడ కట్టు తడవలేదు!" ఆమె ఒక్కొక్క కట్టే విప్పుతూ వచ్చింది. ఒక్కొక్క గాయమే మూసుకుంటూ ఉంది. తెగిన కాళ్ళు మళ్ళీ మొలవలేదు, పోయిన కళ్ళు తిరిగి రాలేదు. కానీ నెత్తురు ఆగింది, నొప్పి ఆగింది. లేవగలిగినవాళ్ళు లేవలేనివాళ్ళను లేపి కూర్చోబెట్టారు. రాజు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, "నీవల్ల ఊళ్ళు నిలిచాయి నాయనా," అని చేతులు జోడించాడు. రణకేతుడు బాకాలు లేకుండా వచ్చాడు. ధనకేతుడు ముక్కుకు గుడ్డ లేకుండా వచ్చాడు.

ముసలి కాలజంఘుడు కావడితో నీళ్ళు తెచ్చి, తల వంచుకుని నిలబడ్డాడు. అందరూ కాటమయ్య వైపు చూశారు.

"ముందు ఆ నీళ్ళు ఒలకబోయకుండా మొయ్యడం నేర్చుకో. మిగతా సంగతి తరవాత చూద్దాం," అన్నాడు కాటమయ్య.

రాజు రాజ్యం సోమకేతుడికి అప్పగించాడు. అన్నలిద్దరూ సంతోషంగా ఒప్పుకున్నారు. తనను పెళ్ళాడతావా అని సోమకేతుడు అడిగితే మందార కూడా ఒప్పుకుంది, అయితే ఒక షరతు పెట్టింది: "రాణినైనా పొద్దున్నే కట్లు నేనే కడతాను." అలాగేనన్నాడు సోమకేతుడు.

పెళ్ళి వైద్యశాల ముంగిట్లోనే జరిగింది. సైనికుల భార్యలూ పిల్లలూ ఏటి ఇవతలి ఊళ్ళన్నిటినుంచీ వచ్చారు. తాళి కట్టాక మొదటి అక్షింతలు పెద్దవాళ్ళు వెయ్యాలని రాజును పిలిచారు. ధర్మకేతుడు అక్షింతల పళ్ళెం తీసుకెళ్ళి కాటమయ్య ముందు పెట్టాడు. కాటమయ్య వణికే వేళ్ళతో నాలుగు గింజలు పట్టుకున్నాడు. గాయాలు మానినా ఆయన చెయ్యి ఇంకా భుజందాకా లేవడం లేదు. అది చూసి కొత్త రాజూ కొత్త రాణీ పీటల మీంచి లేచి వచ్చి, ఆ చెయ్యి ఎంత ఎత్తుకు లేస్తుందో అంత దాకా తలలు వంచారు. కాటమయ్య వాళ్ళ నెత్తిన అక్షింతలు వేసి, "చల్లగా ఉండండి," అన్నాడు.

అలాగే చల్లగా ఉన్నారు, పిల్లలూ. చాలాకాలం రాజ్యమేలారు. వాళ్ళూ చల్లగా ఉన్నారు, వాళ్ళ కథ చెప్పుకున్న మనమూ చల్లగా ఉందాం.