బెండకాయలు వద్దన్న తవుడమ్మ

గెడ్డవలసలో పోలినాయుడు అనే రైతు ఉండేవాడు. మనసు మంచిదే గానీ, తన పంటకు ఎవరైనా వంక పెడితే మాత్రం సహించేవాడు కాదు. ఏ కూరగాయ వేసినా మొదటి కోత ఊళ్ళో అంగన్‌వాడీ పిల్లలకే ఇచ్చేవాడు. "ముందు పసివాళ్ళు తినాలి, తర్వాతే సంత" అనేవాడు.

ఒక ఏడాది, ఫ్యాక్టరీకి రసాయనం తీసుకెళ్తున్న ట్యాంకరు అతని బెండతోట పక్కన బోల్తా పడింది. ఘాటైన ద్రవం గట్టు దాటి తోటలోకి పారింది. అధికారులు వచ్చి మట్టినీ కాయలనూ పరీక్షకు పట్టుకెళ్ళారు. ఇంతలో మంచి వాన పడింది. వాసన పోయింది. మొక్కలు తేరుకున్నాయి. పోలినాయుడు సంతోషంగా బుట్టెడు కాయలు కోసి అంగన్‌వాడీకి తీసుకెళ్ళాడు.

అక్కడ వంట చేసే ఆయా తవుడమ్మ బుట్ట అందుకోలేదు.

"వద్దు మావయ్యా."

"ఏం, ముదిరాయా?" అంటూ అతను ఒక కాయ కొన టప్పున విరిచాడు. "ఇంత లేత కాయ సంతలో చూపించు! పైగా ఉప్పు, పసుపు నీళ్ళలో కడిగి మరీ తెచ్చాను."

"పైన పడ్డదైతే కడిగితే పోతుంది. వేరు తాగింది ఎలా పోతుంది?"

"నాకే సేద్యం నేర్పుతావా? ఇదిగో, నేనే తింటాను చూడు!"

"తింటే మీ ఇష్టం. మీకు అరవై దాటాయి. వీళ్ళకింకా పాలపళ్ళే ఊడలేదు" అంది తవుడమ్మ.

పోలినాయుడికి తల కొట్టేసినట్టయింది. కాయలన్నీ దారిలో గోతిలో కుమ్మరించి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత టీకొట్టు దగ్గర ఎవరు కనబడినా, "నా చేతి కాయలు రాణీగారికి పనికిరావట!" అని ఎత్తిపొడిచేవాడు.

కొన్నాళ్ళకు వ్యవసాయాధికారి పరీక్ష ఫలితాలతో తోటకు వచ్చాడు. "నాయుడుగారూ, ఆ రసాయనం మట్టిలోనే కాదు, కాయల్లోకీ ఎక్కింది. పశువులకు కూడా వేయకండి. చిన్నపిల్లలు తింటే మరీ ప్రమాదం. ఎవరికైనా పెట్టారా?" అని అడిగాడు.

"లేదు బాబూ" అన్నాడు పోలినాయుడు.

అధికారి వెళ్ళగానే నేరుగా అంగన్‌వాడీకి వెళ్ళాడు. పిల్లలు మూతికి మెతుకులు అంటించుకుని పప్పన్నం తింటున్నారు. ఒక్కొక్క మొహం చూస్తూ అతను చాలాసేపు నిలబడిపోయాడు.

"నిన్ను నానా మాటలూ అన్నానమ్మా. ఆ రోజు నువ్వు మొహమాటపడి బుట్ట అందుకుని ఉంటే..." అతని కళ్ళ వెంట నీళ్ళు జారాయి.

"పెద్దవారు, మిమ్మల్ని కాదనడానికి నాకూ భయమేసింది మావయ్యా. కానీ వీళ్ళ తల్లులు నన్ను నమ్మి వదిలి పనులకు పోతారు కదా" అంది తవుడమ్మ. "ఇక కన్నీళ్ళు తుడుచుకోండి. పిల్లలు చూస్తే నేనే కొట్టాననుకుంటారు!"

పోలినాయుడు నవ్వుతూనే ఆమెకు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

నీతి: తప్పు జరగకముందే మనల్ని ఆపినవారి మాట ఆ క్షణంలో చేదుగా ఉన్నా, వారికి జీవితాంతం కృతజ్ఞతతో ఉండాలి.