పెరట్లో పేరు తెలియని చెట్టు

అనగనగా ఒక రాజ్యం, ఆ రాజ్యంలో మేధవరం అని ఒక ఊరు. ఆ ఊళ్లో అందరికీ అన్నీ తెలుసు. అంటే, అలా అని వాళ్లే చెప్పుకునేవారు.

అక్కడ ఎవరిని ఏమడిగినా జవాబు వచ్చి తీరాలి. దారి అడిగిన బాటసారికి తప్పు దారైనా చూపించేవారు గాని, "నాకు తెలియదు" అనేవారు కారు. ఆ మాట అంటే వాళ్లకు అంత నామోషీ.

ఆ ఊళ్లో పేరిందేవి అనే పెద్దావిడ ఉండేది. ఆమె పెరడు చూడముచ్చటగా ఉండేది. కరివేప, నిమ్మ, దానిమ్మ, పారిజాతం అన్నీ ఆమె చేత్తో నాటినవే. రోజూ పొద్దున్నే ఒక్కో చెట్టునూ పేరుపెట్టి పలకరించేది, ఒక్కదాన్ని తప్ప.

బావి వెనక ఒక చెట్టు తనంతట తానే మొలిచింది. ఏ పిట్ట తెచ్చి పడేసిన గింజో! నాలుగేళ్లలో గోడ దాటింది. బూడిదరంగు బెరడు, మూరెడేసి దళసరి ఆకులు, ఆకు తిప్పి చూస్తే వెనక తెల్లగా ఉంటుంది. ఇంతవరకు పూత లేదు, కాయ లేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు "ఇదేం చెట్టు పిన్నీ?" అని అడిగితే పేరిందేవి "అదా? అదే!" అని, వెంటనే వాళ్ల అత్తగారి కీళ్లనొప్పుల సంగతి ఎత్తేది.

ఇలా ఉండగా కూతురు మల్లాంబ పురిటికి వచ్చి, చక్కని ఆడపిల్లను కన్నది. పేరిందేవి ప్రాణాలన్నీ ఆ మనవరాలి మీదే. పిల్ల తుమ్మితే ఈమె ఉలిక్కిపడేది.

"రేపు పిల్ల పాకుతుంది, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. ఆ చెట్టేమిటో ముందు తేల్చమ్మా," అంది మల్లాంబ. నిజమేననిపించి పేరిందేవి ఊళ్లో పెద్దలకు కబురు పెట్టింది.

మొదట సుగంధద్రవ్యాల వర్తకుడు నాగిశెట్టి వచ్చాడు. గోటితో బెరడు గీరాడు. వాసన చూశాడు. కళ్లు మూసుకుని తల ఆడించాడు. నిజానికి అతనికి ఏమీ అంతుపట్టలేదు. కానీ తెలియదంటే పరువేం కాను?

"పేరిందేవమ్మా, ఇది అగరు చెట్టు!" అన్నాడు.

ఆమె గుండె ఝల్లుమంది. అగరు అంటే మాటలా? రాజుగారి పూజామందిరంలో పొగ వేసే సుగంధం! దానికా తను ఇన్నాళ్లూ బట్టలారేసే తాడు కట్టింది!

కాసేపటికి రాజుగారి తోటల అధికారి బొల్లమరాజు వచ్చాడు. పేరిందేవి అగరు సంగతి చెప్పగానే, చిన్న కొమ్మ విరిచి అటూ ఇటూ తిప్పాడు. కాదంటే మరేమిటో చెప్పాలి. అవునంటే పోయేదేముంది?

"అగరే. పైగా తెల్ల అగరు. ఇలాంటిది రాజుగారి తోటలో కూడా లేదు," అన్నాడు. పేరిందేవి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

సాయంత్రం ఆస్థాన వైద్యుడు శరభయ్య వచ్చాడు. కత్తితో చెట్టు మాను నుంచి నాలుగు చెక్కలు తీసి చేటలో వేశాడు. తాడు మీది తుండుకు చేతులు తుడుచుకున్నాడు.

"తెల్ల అగరని విన్నాను, అక్షరాలా అదే! వీటిని ఎండబెట్టి, ఎల్లుండి పిల్లకు నీళ్లు పోశాక నిప్పుల మీద పొగ వెయ్యి. జలుబన్నది దరిచేరదు. పెద్దయ్యాక మహాపండితురాలవుతుంది."

పేరిందేవికి కళ్లు తిరిగినంత పనయింది. ఇంత అదృష్టమా తన మనవరాలిది! పాపం, ఆమెకేం తెలుసు? ఆ ముగ్గురిలో ఒక్కరూ అగరు చెట్టును కళ్లజూసిన పాపాన పోలేదు.

మర్నాడు ఆమె ఆ చెక్కలను ఎండలో తిరగేసింది. సాయంత్రానికి చూపుడువేలు భగ్గున మండింది. ఎర్రగా పొంగింది కూడా. గుడ్డపేలిక చుట్టుకుంటుంటే మల్లాంబ చూసి ఏమయిందని అడిగింది.

"ఊరగాయ కారం తగిలిందే," అంది పేరిందేవి. ఆ రోజు ఆమె ఊరగాయ జాడీ మూతైనా తీయలేదు.

ఆ మరునాడు ముగ్గురు పెద్దలూ వేడుక చూడటానికి వచ్చి పెరటి అరుగు మీద కూర్చున్నారు. మజ్జిగ ఇవ్వబోతే, ఉత్తరీయాల్లోంచి చేతులు తీయకుండానే "ఇప్పుడే తాగొచ్చాం" అన్నారు.

మల్లాంబ పిల్లకు నీళ్లు పోసి, మెత్తటి పాతపంచెలో చుట్టి తెచ్చింది. నీళ్లు పోశాక పసిపిల్లలకు పొగ పట్టడం పురిటింటి ఆచారమే. ఎప్పుడూ సాంబ్రాణి వేసేవారు, ఈసారి తెల్ల అగరు. కుంపటిలో నిప్పులు కణకణలాడుతున్నాయి. పేరిందేవి చెక్క ఒకటి తీసుకుంది.

అప్పుడే బట్టలుతికే సింగమ్మ మాసిన బట్టల కోసం దొడ్డిదారిన వచ్చింది. తాడు మీది తుండు తీసి, గతుక్కుమని ఆగింది.

"అమ్మగారూ! దీనికి ఈ నల్లమచ్చ ఎక్కడిది?"

"తర్వాత చూద్దాంలే సింగమ్మా. అది తెల్ల అగరు పసరు. వైద్యులుగారు చెయ్యి తుడుచుకున్నారు."

సింగమ్మ చేతిలోని తుండు కింద పడింది. ఒక్క గెంతున వచ్చి పేరిందేవి మణికట్టు పట్టేసుకుంది. చెక్కకూ నిప్పుకూ మధ్య జానెడే దూరం!

శరభయ్య అరుగు మీంచి లేచాడు.

"ఎంత ధైర్యం! బట్టలుతికేదానివి, నీకు చెట్ల సంగతేం తెలుసు?" అని శరభయ్య గద్దించాడు.

"చెట్టు సంగతి నాకు తెల్దు బాబూ," అంది సింగమ్మ.

ఆ మాటకు పెరట్లో అందరి నోళ్లూ తెరుచుకున్నాయి. మేధవరంలో పట్టపగలు, పదిమందిలో, ఒక మనిషి తెలియదని చెప్పింది!

"ఈ చెట్టుని నేనెప్పుడూ చూళ్లేదు. కానీ ఈ మచ్చ నాకు తెలుసు. ఏ ఇంటి బట్ట ఏదో పోల్చుకోడానికి నలభయ్యేళ్లుగా అంచుల మీద నేను పెట్టే గుర్తు ఇదే. నల్లజీడి గింజ రసం! ఈ చెక్కలోనూ అదే రసం ఉంది. ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. దీని పొగ పసిదాని కళ్లల్లోకి పోతే..."

"అబద్ధం!" అన్నాడు నాగిశెట్టి.

"నా మాట నమ్మొద్దు బాబూ, మచ్చనే అడగండి. జీడిమచ్చయితే ఎంత ఉతికినా పోదు."

సింగమ్మ తుండును బావి దగ్గరికి తీసుకుపోయింది. మచ్చను నీళ్లలో జాడించింది, పోలేదు. కుంకుడు రసంతో రుద్దింది, పోలేదు. చౌడుమట్టి పట్టించి బండ మీద బాదింది. తుండు మల్లెపువ్వులా తెల్లబడింది, మచ్చ మాత్రం ఇంకా నల్లగా తేలింది.

"ఇంకా నమ్మకం కుదరకపోతే, బెరడు ముట్టుకున్నవాళ్ల చేతులు చూడండి," అంది.

పెద్దలు కదల్లేదు. పేరిందేవి వాళ్ల ఉత్తరీయాల వంక చూసింది.

"చేతులు తీయండి," అంది.

ముగ్గురూ తీశారు. నాగిశెట్టి వేలు వాచింది. బొల్లమరాజు అరచేయి పొక్కింది. శరభయ్య రెండు చేతుల నిండా నీరుపట్టిన బొబ్బలు.

"ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి," అన్నాడు నాగిశెట్టి నేల చూస్తూ.

"నిన్నట్నుంచా! తెలిసి కూడా, నా మనవరాలికి పొగ వేస్తుంటే చూస్తూ కూర్చున్నారా?"

"మిగతా ఇద్దరూ మాట్లాడటం లేదు కదా," అని గొణిగాడు శరభయ్య. "నేనొక్కణ్ణే పొరబడ్డానని ఎలా చెప్పను?"

పేరిందేవి ఒళ్లు మండిపోయింది. నాలుగు మాటలు దులపబోయింది. ఇంతలో పేలిక కింద తన వేలే చురుక్కుమంది. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

మల్లాంబ ఆ వేలు చూసింది. మెల్లగా పేలిక విప్పింది. బొబ్బ.

"అమ్మా! ఊరగాయ కారమన్నావు కదే!"

పేరిందేవి తలెత్తలేకపోయింది. వాళ్లు దాచింది ఉత్తరీయంలో, తను దాచింది గుడ్డపేలికలో. అంతే తేడా.

"నాకు తెలియదు తల్లీ," అంది వెక్కిపడుతూ. "ఆ చెట్టేమిటో నాకు తెలియదు, ఈ మంట ఎందుకో తెలియదు. నిన్ననే ఆ మాట అనలేకపోయాను."

కడవెడు నీళ్లు కుంపటి మీద కుమ్మరించింది. పిల్లను గుండెలకు హత్తుకోవాలని చేతులు చాచింది.

"ముట్టుకోకండమ్మగారూ," అంది సింగమ్మ మెల్లగా. "ఆ రసం ఇంకా గోళ్లల్లో ఉంటుంది. పదిరోజులు ఓర్చుకోండి."

చాచిన చేతులు పేరిందేవి వెనక్కి తీసుకుంది. పదిరోజులూ మనవరాలిని గడప అవతల నుంచే చూసుకుంది.

కనుక పిల్లలూ, తెలియనిది తెలియదని చెప్పగలిగేవాళ్ల మాటే ముందు నమ్మాలి, ఆ మాట చెప్పడం మనమూ నేర్చుకోవాలి.